సాయంత్రం మాత్రమే వచ్చే హమ్‌కు కండెన్సర్ ఎంత వేయాలి?

మీరు రాసిన వివరాలు రెండుసార్లు చదివాను. 12 వోల్టుల 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 1ఎన్4007 డయోడ్లతో బ్రిడ్జ్ (ఏసీని డీసీగా మార్చే భాగం), దాని తర్వాత 1000 మైక్రోఫారడ్ కండెన్సర్, ఆ పైన 7812 (వోల్టేజీని 12 దగ్గర నిలకడగా పట్టి ఉంచే రెగ్యులేటర్ ఐసీ). దాని మీద రెండు టిడిఎ2003 ఐసీలతో స్టీరియో యాంప్లిఫయర్, ఒక బ్లూటూత్ బోర్డు. పగలు బాగానే పాడుతోంది. సాయంత్రం ఏడు దాటాక గుయ్‌మంటోంది (హమ్ అంటే ఇదే), సౌండ్ పెంచితే గరగర. షాపులో అడిగితే కండెన్సర్ చాల్లేదు, పెంచమన్నారు. 1000 తీసి 4700 వేశారు, తర్వాత 10,000 వేశారు. హమ్ తగ్గింది కానీ పోలేదు. పైగా ఇప్పుడు డయోడ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. 22,000 వేస్తే పోతుందా అన్నది మీ ప్రశ్న.

పోదు. లక్ష మైక్రోఫారడ్లు పెట్టినా పోదు. మీరు మామూలుగా రాసేసిన "సాయంత్రం ఏడు దాటాక" అన్న ముక్కలోనే జబ్బు దొరికిపోతోంది. తెనాలిలో 30 ఏళ్లకు పైగా యాంప్లిఫయర్లు, రేడియోలు రిపేరు చేస్తున్నాను. కండెన్సర్ మీద కండెన్సర్ వేసుకుని, చివరికి ట్రాన్స్‌ఫార్మర్ మాడ్చుకుని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. మీకు ఆ పరిస్థితి రాకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మున్సిపాలిటీ కుళాయి ఉన్న ఇల్లు ఊహించుకోండి. నీళ్లు కాసేపే వస్తాయి, వాడకం మాత్రం రోజంతా ఉంటుంది. అందుకే తొట్టి పెట్టుకుంటాం. నీళ్లు వచ్చినప్పుడు తొట్టి నిండుతుంది, ఆగిపోయాక వాడేకొద్దీ మట్టం దిగుతుంది, మళ్లీ కుళాయి వచ్చేసరికి ఎంత దిగిందో అదే రిపుల్. మన కరెంటు 50 హెర్ట్జ్. బ్రిడ్జ్ రెక్టిఫైయర్ రెండు అర్ధ భాగాలనూ వాడుకుంటుంది కాబట్టి ఈ కుళాయి సెకనుకు 100 సార్లు వస్తుంది. రెండు రాకల మధ్య ఎడం 10 మిల్లీసెకన్లు. ఆ 10 మిల్లీసెకన్లూ యాంప్లిఫయర్‌ను పోషించాల్సింది కండెన్సరే.

లెక్క కూడా ఇంతే సులువు. రిపుల్ వోల్టేజీ = కరెంటు ÷ (100 × కెపాసిటెన్స్). కరెంటు ఆంపియర్లలో, కెపాసిటెన్స్, అంటే కండెన్సర్ సామర్థ్యం, ఫారడ్‌లలో వేయాలి. మీ రెండు ఐసీలూ 4 ఓమ్‌ల స్పీకర్లతో ఫుల్ సౌండ్‌లో దగ్గరదగ్గర 1 ఆంపియర్ లాగుతాయి. 1000 మైక్రోఫారడ్ అంటే 0.001 ఫారడ్. 1 ÷ (100 × 0.001) = 10 వోల్టులు! 4700 వేస్తే 2.1 వోల్టులు, 10,000 వేస్తే 1 వోల్టు. ఈ సూత్రం కొంచెం ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే కండెన్సర్ పూర్తిగా 10 మిల్లీసెకన్లూ ఖాళీ అవదు, మధ్యలో మళ్లీ నిండడం మొదలవుతుంది. 1000తో నిజంగా 7 వోల్టుల దగ్గర ఉంటుంది. డిజైన్ చేసేటప్పుడు సూత్రం చెప్పిందే పట్టుకోండి, ఆ తేడా మనకు భద్రతగా మిగులుతుంది.

కాబట్టి 1000 చాలదన్న షాపాయన మాట నిజమే. 10,000కు పెంచితే హమ్ తగ్గడమూ సహజమే. తొట్టి పెద్దదైతే మట్టం తక్కువ దిగుతుంది. కానీ తొట్టి ఎంత పెద్దదైనా కుళాయి ప్రెజర్ పెరగదు కదా. సాయంత్రం ప్రెజర్ తగ్గి నీళ్లు పై అంతస్తుకు ఎక్కడం లేదనుకోండి, పైన ఎంత పెద్ద ట్యాంకు కడితే ఏం లాభం? మీ ఇంట్లో జరుగుతున్నది అదే.

ఇప్పుడు ఎత్తుల లెక్క చూద్దాం. 7812 సరిగ్గా పనిచేయాలంటే దాని ఇన్‌పుట్‌లో అవుట్‌పుట్ కంటే 2 వోల్టులు ఎక్కువ ఉండాలి, అంటే 14 వోల్టులు. సగటున 14 ఉంటే సరిపోదు. రిపుల్ అట్టడుగుకు దిగిన క్షణంలో కూడా 14 ఉండాలి. ఆ అడుగు 14 కంటే పైన ఉన్నంతసేపూ 7812 అద్భుతమైన పని చేస్తుంది. సుమారు 70 డెసిబెల్స్, అంటే ఇన్‌పుట్‌లోని రిపుల్‌ను 3000వ వంతుకు తగ్గించేస్తుంది. 2 వోల్టుల రిపుల్ ఇస్తే అవతల ఒక మిల్లీవోల్టు కూడా కనపడదు. అడుగు 14 కంటే కిందికి దిగిందంటే మాత్రం ఐసీ చేతులెత్తేస్తుంది. దిగిన ప్రతిసారీ, సెకనుకు 100 సార్లు, ఆ గుంట నేరుగా యాంప్లిఫయర్‌కు వెళ్లిపోతుంది. మీరు వింటున్నది దాన్నే. సౌండ్ పెంచితే గరగర ఎందుకంటే, బాస్ కొట్టినప్పుడల్లా కరెంటు ఎక్కువ లాగి గుంట ఇంకా లోతవుతుంది.

పగలు లైన్ 230 ఉందనుకుంటే, ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే 12 వోల్టుల పీక్, అంటే ఏసీ అల పై కొన, దానికి 1.41 రెట్లు, 17. బ్రిడ్జ్‌లో ఒకసారికి రెండు డయోడ్లు దారిలో ఉంటాయి, అవి తినేది 1.8 దాకా. మిగిలేది 15.2. దీంట్లోంచి 10,000 మైక్రోఫారడ్ మీద వచ్చే 1 వోల్టు రిపుల్ తీసేస్తే అడుగు 14.2. గట్టెక్కింది, అదీ అంచు మీద. ఇప్పుడు సాయంత్రం. వీధిలో లైట్లు, ఏసీలు, మోటార్లు అన్నీ పడ్డాయి. మీది లైన్ చివర ఇల్లన్నారు కాబట్టి 195కు దిగిందనుకుందాం. 12 కాస్తా 10.2 అవుతుంది, పీక్ 14.4, డయోడ్లు పోగా 12.6. రిపుల్ సంగతి ఇంకా ఎత్తనే లేదు, పీకే 12.6 ఉంది. 7812కు కావాల్సింది 14. కండెన్సర్ చేయగలిగిందల్లా ఆ పీక్ నుంచి కిందికి జారకుండా పట్టుకోవడం. పీక్‌నే పైకి లేపడం దాని వల్ల కాదు.

ఇది నా ఊహేనా, నిజమా అన్నది ఈ రాత్రికే తేల్చుకోవచ్చు. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

యాంప్లిఫయర్ తీసేసి, 7812 అవుట్‌పుట్‌కు బైక్ ఇండికేటర్ బల్బు ఒకటి పెట్టండి. 12 వోల్టులు 10 వాట్లది. అది కదలకుండా 0.83 ఆంపియర్ తాగుతుంది. పాటలాగా నిమిషానికో రకంగా మారదు కాబట్టి కొలవడం సులువు. మల్టీమీటర్‌ను డీసీలో పెట్టి కండెన్సర్ రెండు కాళ్ల మీద కొలిచి రాసుకోండి, ఇది సగటు. తర్వాత ఏసీలో పెట్టి అదే చోట కొలవండి. ఇక్కడ ఒక జాగ్రత్త. చవక మీటర్లు కొన్ని ఏసీ రేంజ్‌లో కూడా డీసీని కలిపేసుకుని 30 వోల్టులనో 35 అనో పిచ్చి అంకె చూపిస్తాయి. అలా వస్తే ఎర్ర ప్రోబ్‌కు వరుసలో 0.47 మైక్రోఫారడ్ ప్లాస్టిక్ కండెన్సర్ ఒకటి పెట్టి కొలవండి, డీసీ ఆగిపోయి రిపుల్ మాత్రమే వెళుతుంది. వచ్చిన ఏసీ రీడింగ్‌ను 3.5తో హెచ్చిస్తే రిపుల్ పై కొన నుంచి కింది కొన దాకా ఎంతో దాదాపుగా వచ్చేస్తుంది, ఎందుకంటే రిపుల్ రంపపు పళ్ల ఆకారంలో ఉంటుంది. దాంట్లో సగం డీసీ రీడింగ్‌లోంచి తీసేయండి. అదే మీ అడుగు.

ఉదాహరణకు డీసీ 12.1 వచ్చింది, ఏసీ 0.23 వచ్చిందనుకోండి. 0.23 × 3.5 = 0.8. అందులో సగం 0.4. అడుగు 11.7. మీకు కావాల్సింది 14. ఇంక కండెన్సర్ల షాపు మెట్లెక్కక్కర్లేదు.

ఏసీ రీడింగ్‌ను 3.5తో హెచ్చిస్తే వచ్చిన రిపుల్ సూత్రం చెప్పినదానికి రెట్టింపు ఉంటే మాత్రం వేరే కథ. బ్రిడ్జ్‌లో ఒక డయోడ్ పోయి ఉంటుంది, కుళాయి సెకనుకు 100 సార్లు రావాల్సింది 50 సార్లే వస్తోంది. లేదా కండెన్సర్ మీద రాసినంత దాంట్లో లేదు. దాని గురించి కింద చెబుతాను. కొలిచేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు (గోడ ప్లగ్ నుంచి కరెంటు వచ్చే వైపు) తీగలకు, స్విచ్చికి టేపు చుట్టి ఉంచండి. సెకండరీ వైపు 15 వోల్టులు ఏమీ చేయవు, ప్రైమరీ వైపు 230 ప్రాణం తీస్తుంది.

రెండో పరీక్ష ఇంకా బాగుంటుంది. 7812 ఊడదీసి అదే చోట 9 వోల్టులు ఇచ్చే 7809 పెట్టండి, కాళ్ల వరుస ఒకటే. ఇప్పుడు కావాల్సిన అడుగు 11 మాత్రమే. యాంప్లిఫయర్ లాగే కరెంటు కూడా 0.75 దగ్గరకు తగ్గుతుంది. 12.6 లోంచి 0.75 రిపుల్ పోయినా 11.8 ఉంటుంది. టిడిఎ2003 8 నుంచి 18 వోల్టుల దాకా పనిచేసే ఐసీ, 9 దానికి చాలు. బ్లూటూత్ బోర్డు 5 వోల్టులదైతే దానికి మామూలుగానే 7805 ఉండి ఉంటుంది. ఇలా మార్చాక సాయంత్రం హమ్ మాయమైందంటే జబ్బు రుజువైనట్టే. నిజానికి చాలామంది ఇక్కడితోనే ఆపేయవచ్చు. పవర్ దాదాపు సగమవుతుంది గానీ, చెవికి అది 2.5 డెసిబెల్స్ తేడా మాత్రమే. గదిలో కూర్చుని పాటలు వినేవాళ్లకు వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పితే సరిపోతుంది.

ఇక డయోడ్లు ఎందుకు కాలుతున్నాయో చెబుతాను, ఇది చాలామందికి తెలియక నష్టపోయే విషయం. కండెన్సర్ పెంచితే రిపుల్ తగ్గుతుంది, బాగానే ఉంది. కానీ రిపుల్ తగ్గడమంటే, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ కండెన్సర్ వోల్టేజీని దాటే సమయం కూడా తగ్గిపోవడమే. 10 మిల్లీసెకన్లలో యాంప్లిఫయర్ తాగినదంతా డయోడ్లు 2 మిల్లీసెకన్ల లోపు కండెన్సర్‌లోకి తోసేయాలి. సగటున 1 ఆంపియర్ వాడకం ఉంటే ఆ రెండు మిల్లీసెకన్లలో పారేది 5 ఆంపియర్లు, కొన దగ్గర అంతకన్నా ఎక్కువే. తీగల వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఇలా విరగబడి పారే కరెంటు నిదానంగా పారే కరెంటు కంటే ఎంతో ఎక్కువగా వేడి పుట్టిస్తుంది. అందుకే బ్రిడ్జ్, కండెన్సర్ ఉన్న సప్లయ్‌లో డీసీ 1 ఆంపియర్ కావాలంటే ట్రాన్స్‌ఫార్మర్ కనీసం 1.6 నుంచి 1.8 ఆంపియర్లది ఉండాలి. "1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, 1 ఆంపియర్ డీసీ" అని షాపుల్లో చెప్పే లెక్క తప్పు. ఒక ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 0.6 డీసీ తీసుకోవడమే న్యాయం. మీది ఇప్పటికే ఓవర్‌లోడ్‌లో ఉంది. ఓవర్‌లోడ్ అయిన ట్రాన్స్‌ఫార్మర్ తన లోపలి రెసిస్టెన్స్‌లోనే వోల్టేజీ తినేస్తుంది, పీక్ మళ్లీ కిందికి. 22,000 వేసి ఉంటే హమ్ పోకపోగా స్విచ్ వేసిన క్షణంలో డయోడ్ల మీద భారం ఇంకా పెరిగేది. ఖాళీ కండెన్సర్ మొదటి క్షణంలో షార్ట్ సర్క్యూట్‌తో సమానం. 1ఎన్4007 తట్టుకునే సర్జ్ (ఒక్కసారిగా విరుచుకుపడే కరెంటు) 30 ఆంపియర్లు, 1ఎన్5408 అయితే 200.

శాశ్వతంగా సరిచేయాలంటే నేనైతే ఇలా చేస్తాను. 15 వోల్టుల 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్. డయోడ్లు 1ఎన్5408 నాలుగు, లేదా 4 ఆంపియర్ల రెడీమేడ్ బ్రిడ్జ్. కండెన్సర్లు 4700 మైక్రోఫారడ్, 35 వోల్టులవి రెండు, పక్కపక్కన ప్యారలల్‌గా. 7812కు రెక్కలున్న మంచి హీట్ సింక్. సాయంత్రం 195 ఉన్నా పీక్ 18, డయోడ్లు పోగా 16.2, రిపుల్ 1.1 పోగా 15.1. ట్రాన్స్‌ఫార్మర్ లోడ్‌లో ఇంకో వోల్టు కుంగినా 14 దాటే ఉంటుంది.

మీ దగ్గరున్న 10,000 కండెన్సర్ 25 వోల్టులదని రాశారు. దాన్ని ఈ కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టొద్దు. తెల్లవారుజామున లైన్ 250 ఉండి, యాంప్లిఫయర్ సౌండ్ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు లెక్క చూడండి. లోడ్ లేని ట్రాన్స్‌ఫార్మర్ 15 శాతం ఎక్కువ ఇస్తుంది, దాని మీద లైన్ ఎక్కువ. 15 కాస్తా 18.7 అవుతుంది, పీక్ 26.5, డయోడ్లు పోగా 25 దాటుతుంది. 25 వోల్టుల కండెన్సర్ ఉబ్బిపోతుంది. 35 వోల్టులది ఉండాలనడం అందుకే. ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి ఎందుకంటే, విరగబడి వచ్చే ఆ కరెంటును రెండూ పంచుకుంటాయి, లోపలి రెసిస్టెన్స్ సగమవుతుంది, ఒక్కొక్కటి తక్కువ వేడెక్కుతుంది.

హీట్ సింక్ విషయంలో మొహమాటపడొద్దు. పగలు 230 ఉన్నప్పుడు ఇన్‌పుట్ 18.5 దగ్గర ఉంటుంది. 12 అవుట్‌పుట్ పోగా మిగిలిన 6.5 వోల్టులు 7812లోనే వేడిగా మారాలి. ఫుల్ సౌండ్‌లో 6.5 వాట్లు. సాయంత్రం కోసం మనం దాచుకున్న ఎత్తుకు పగలు కట్టే అద్దె అది. సింక్ చిన్నదైతే ఐసీ తనంతట తానే ఆగిపోతుంది, పాట మధ్యలో తెగిపోయి చల్లారాక మళ్లీ వస్తుంది. కండెన్సర్లను ఆ హీట్ సింక్‌కు ఆనించి పెట్టొద్దు. ఎలక్ట్రోలైటిక్ లోపల ఉండేది తడి. 10 డిగ్రీలు వేడి పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుంది. 85 డిగ్రీలవి, 105 డిగ్రీలవి రెండు రకాలు దొరుకుతాయి. కొద్ది రూపాయల తేడాకు చూడకుండా 105వే తీసుకోండి.

కండెన్సర్ల మీద 2.2 కిలో ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్ ఒకటి కూడా వేసేయండి. స్విచ్ కట్టేశాక ఒకటిన్నర నిమిషంలో అవి ఖాళీ అవుతాయి. ఈ వోల్టేజీకి షాక్ కొట్టదు, కానీ నిండిన 9400 మైక్రోఫారడ్ల మీద స్క్రూడ్రైవర్ పడితే నిప్పురవ్వ లేచి బోర్డు మీద ట్రాక్ ఎగిరిపోతుంది. ప్లస్, మైనస్ తారుమారు చేసి పెట్టకండి. పేలిన కండెన్సర్ మూత కంటికి తగిలిన కుర్రాణ్ణి ఒకసారి నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను, చూపు దక్కింది. ఆ రోజు నుంచి నా షాపులో కొత్త సప్లయ్‌కు మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు ఎవరూ మొహం వంచి చూడరు.

ఇంత చేశాక కూడా సన్నగా గుయ్ అంటే, తప్పు రిపుల్‌ది కాకపోవచ్చు. ముందు యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు షార్ట్ చేసి వినండి. హమ్ ఆగిపోతే అది బ్లూటూత్ బోర్డు నుంచో, ఇన్‌పుట్ తీగ నుంచో వస్తోంది. ఆగకపోతే గ్రౌండ్ తీగలు ఎలా కలిపారో చూడండి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను నేర్చుకున్న పాఠాల్లో నాకు చాలా ఖరీదు పడింది ఇదే.

షాపు పెట్టిన కొత్తలో ఒక గుడి వాళ్ల యాంప్లిఫయర్ వచ్చింది. శ్రీరామనవమికి నాలుగు రోజులుంది. మైకు ఆపేసినా బుయ్‌మంటోంది. ఫిల్టర్ కండెన్సర్లు మార్చాను, పోలేదు. రెట్టింపు వేశాను, హమ్ తగ్గకపోగా గొంతు మారి ఇంకా కరకుగా అయింది. రెండు రాత్రులు కూర్చున్నాను. మూడో రోజు సర్క్యూట్ పక్కన పెట్టేసి, కరెంటు ఏ తీగలోంచి ఎటు పోతోందో పెన్సిల్‌తో గీసుకుంటూ వెళ్లాను. అంతకుముందు ఎవరో రిపేరు చేసి, ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) గ్రౌండ్ తీగను కండెన్సర్ మైనస్ కాలికి బదులు బ్రిడ్జ్ మైనస్ దగ్గర టంకం వేశారు. రెండింటికీ మధ్య జానెడు నల్ల తీగ. మీటర్ పెడితే రెండూ ఒకటే, సున్నా ఓమ్. కానీ ఆ జానెడు తీగలోంచే సెకనుకు 100 సార్లు ఆ ఆంపియర్ల కరెంటు విరగబడి పారుతోంది.

అంకెల్లో చూస్తే ఎంత ఘోరమో అర్థమవుతుంది. 0.2 చదరపు మిల్లీమీటర్ల సన్నని రాగి తీగ 10 సెంటీమీటర్లు తీసుకోండి. దాని రెసిస్టెన్స్ 8.6 మిల్లీ ఓమ్‌లు, ఏ మల్టీమీటరూ చూపించదు. 5 ఆంపియర్లు పారితే దాని మీద 43 మిల్లీవోల్టులు పడతాయి. టిడిఎ2003 గెయిన్ 100 రెట్లు. అంటే ఇన్‌పుట్ గ్రౌండ్ దారిలో ఆ 43 మిల్లీవోల్టులు చేరితే స్పీకర్ దగ్గర 4 వోల్టుల హమ్! ఆ ఐసీని ఫుల్‌గా పాడించే పాట సిగ్నల్ కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. కండెన్సర్ పెంచితే ఆ కరెంటు మరింత పొడుగ్గా, సన్నగా లేస్తుంది, హమ్ పెరుగుతుంది. నేను రెట్టింపు వేసినప్పుడు కరకుగా మారింది అందుకే. ఆ తీగను ఊడదీసి కండెన్సర్ కాలి దగ్గర వేయగానే స్పీకర్ నిశ్శబ్దమైపోయింది. పండుగ ముందు రోజు సాయంత్రం పెట్టె అప్పగించాను.

మీ బోర్డులో కూడా ఇదే వరుస పాటించండి. బ్రిడ్జ్ రెండు తీగలు నేరుగా కండెన్సర్ కాళ్లకే రావాలి, వీలైనంత పొట్టిగా, లావుగా. అక్కడి నుంచి వేరే తీగలు 7812కు, యాంప్లిఫయర్‌కు వెళ్లాలి. బ్రిడ్జ్‌కూ కండెన్సర్‌కూ మధ్య దారిలో ఇంకేదీ తగలకూడదు. స్పీకర్ గ్రౌండ్, ఇన్‌పుట్ గ్రౌండ్ విడివిడిగా వచ్చి యాంప్లిఫయర్ బోర్డు మీద ఒకే చోట కలవాలి.

కండెన్సర్ కొనేటప్పుడు దాని మీది అంకెను గుడ్డిగా నమ్మకండి. పెద్ద డబ్బా లోపల చిన్న కండెన్సర్ పెట్టి, పైన పెద్ద అంకె వేసి అమ్మే నకిలీ సరుకు మార్కెట్లో తిరుగుతోంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లినా, మీ ఊరి షాపులో కొన్నా, ఇంటికి తెచ్చాక ఒకసారి కొలవండి. కెపాసిటెన్స్ మీటర్ లేకపోయినా పర్లేదు. 12 వోల్టులకు ఛార్జ్ చేసి, సప్లయ్ తీసేసి, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కాళ్లకు తగిలించి, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. మీటర్ 4.4 వోల్టులకు దిగడానికి 4700 మైక్రోఫారడ్‌కు 47 సెకన్లు పట్టాలి. 10,000కు 100 సెకన్లు. 20 శాతం అటూ ఇటూ మామూలే, 38 నుంచి 56 సెకన్ల మధ్య ఏదొచ్చినా ఆ 4700 మంచిదే. నేను ఒకసారి 10,000 అని రాసి ఉన్నది తెచ్చి ఇలా చూస్తే 31 సెకన్లకే 4.4కు దిగింది. లోపల ఉన్నది 3100. అప్పటి నుంచి ఈ పరీక్ష చేయకుండా కస్టమర్ పెట్టెలో కండెన్సర్ పెట్టడం మానేశాను. మీ 10,000ను కూడా ఇలా చూసుకోండి.

7812 కాళ్ల దగ్గర వేసే చిన్న కండెన్సర్లు, ఇన్‌పుట్‌లో 0.33, అవుట్‌పుట్‌లో 0.1 మైక్రోఫారడ్, 100 హెర్ట్జ్ హమ్‌కు ఏమీ చేయవు. అవి ఐసీ తనంతట తాను ఊగిపోకుండా ఉండటానికి. వేయండి, కానీ వాటి నుంచి హమ్ తగ్గుతుందని ఎదురుచూడకండి. పాత ఏఎం రేడియోలో ఖాళీ చోట నిశ్శబ్దంగా ఉండి, విజయవాడ స్టేషన్ పెట్టగానే హమ్ మొదలైతే, దానికి ఒక్కో డయోడ్ మీద 0.01 మైక్రోఫారడ్ వేస్తే సరిపోతుంది. అది రిపుల్ హమ్ కాదు, ఫిల్టర్ ఎంత పెంచినా వినదు.

బ్లూటూత్ బోర్డుకో, ప్రీయాంప్‌కో ఇంకా శుభ్రమైన సప్లయ్ కావాలంటే పెద్ద కండెన్సర్ అక్కర్లేదు. 100 ఓమ్‌ల రెసిస్టర్ వరుసలో పెట్టి దాని తర్వాత 470 మైక్రోఫారడ్ వేయండి. 100 హెర్ట్జ్ రిపుల్ 30వ వంతుకు పడిపోతుంది. 20 మిల్లీఆంపియర్లు లాగే సర్క్యూట్‌కు 2 వోల్టులు నష్టం, అంతే. ఎక్కువ కరెంటు లాగేవాటికి ఇది పనికిరాదు, రెసిస్టరే వోల్టేజీ మింగేస్తుంది. వాల్వ్ రేడియోల రోజుల్లో కరెంటు మిల్లీఆంపియర్లలో, వోల్టేజీ 250 దగ్గర ఉండేది కాబట్టి 16, 32 మైక్రోఫారడ్లతోనే, మధ్యలో ఒక చోక్ (ఇనుప కోర్ మీద చుట్టిన తీగచుట్ట) పెట్టి నడిపేవారు. కొన్ని సెట్లలో స్పీకర్ ఫీల్డ్ కాయిలే ఆ చోక్ పని కూడా చేసేది.

12 వోల్టుల 2 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ అడాప్టర్ (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లేని రెడీమేడ్ స్విచింగ్ సప్లయ్) పెట్టేస్తే పోదా అని ఎవరైనా అంటే, పోతుంది. 100 నుంచి 240 దాకా రాసి ఉన్న మంచి అడాప్టర్‌కు సాయంత్రం 195 ఒక లెక్క కాదు. డబ్బులకూ, సమయానికీ అదే తేలిక. మీరు సొంతంగా కట్టుకుని నేర్చుకోవాలనుకుంటున్నానని రాశారు కాబట్టే ఇంత చెప్పాను. ఆ కోరిక మంచిది, వదులుకోవద్దు.

ఈ సాయంత్రం ఏడున్నరకు బల్బు పెట్టి మూడు రీడింగులు తీయండి. గోడ ప్లగ్ దగ్గర ఏసీ ఎంత ఉంది, కండెన్సర్ మీద డీసీ ఎంత, ఏసీ ఎంత. రేపు మధ్యాహ్నం మళ్లీ అవే మూడు. గోడ ప్లగ్ దగ్గర కొలిచేటప్పుడు మీటర్ 750 వోల్టుల ఏసీ రేంజ్‌లో ఉందో లేదో, ప్రోబ్ ఎర్ర తీగ ఆంపియర్ల సాకెట్‌లో లేదు కదా అన్నది రెండుసార్లు చూసుకోండి. ఆ ఆరు అంకెలూ రాస్తే, 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందో, 16.5 కావాలో కచ్చితంగా చెప్పగలను. అప్పటిదాకా 10,000 తీసి మళ్లీ 4700 పెట్టి, 7809తో నడపండి. డయోడ్లు కూడా కాస్త ఊపిరి పీల్చుకుంటాయి.